పట్టపగలు చెలమ దగ్గర



ఈ గ్రూపులో రెండేండ్ల నుంచి అందరి పోస్టులు చదువుతున్నా గానీ నేను రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగానే ఉంటది, ఓపికతో చదవండి. నేను చెంచు అమ్మాయిని. నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల మా పెంట. పెంట పేరు రాయను, ఎందుకో చదువుతుంటే తెలుస్తది. హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా, జువాలజీ ఉన్న గ్రూపు. మా ఇంట్లో పది దాటింది నేనొక్కదాన్నే. మా పెంటలో డిగ్రీ గడప తొక్కింది కూడా నేనే మొదలు. ఇది గొప్పకు చెప్పట్లేదు. దానివల్ల వచ్చిన తిప్పలు చెప్పడానికే ఈ పోస్టు.

ముందు మా అవ్వ గురించి చెప్పాలి. మా అమ్మకు అమ్మ. నన్ను పెంచింది ఆమెనే. అమ్మా నాయినా అడివికి పోతే నేను అవ్వ చంకలోనే ఉండేదాన్ని. ఆశ్రమ పాఠశాలలో వేసినప్పుడు ఏడ్చి పారిపోయి వస్తే, కొట్టకుండా రెండు రోజులు ఉంచుకొని గడ్డలు కాల్చి పెట్టి, మూడో రోజు తనే నడిపించుకుంట తీసుకపోయి మళ్లీ దింపింది. పోయిన మార్చిలో అవ్వ చనిపోయింది. మా పెంటలో ఫోన్ సిగ్నల్ లేదు. గుట్ట ఎక్కితే ఒక్క బండ మీద మాత్రం వస్తది. నాయిన ఆ బండ ఎక్కి ఫోన్ చేసేసరికి నేను ఇంటర్నల్ పరీక్ష హాల్లో ఉన్నా, ఫోన్ హాస్టల్ గదిలో ఉంది. చూసుకునేసరికి సాయంత్రం. నేను మన్ననూరు దాటి పెంటకు చేరేసరికి పూడ్చడం అయిపోయింది. ఎండ ఎక్కువుంది, ఆపలేకపోయినం బిడ్డా అన్నరు. నేను ముఖం చూడలేదు. మట్టి చూసిన.

అవ్వను పూడ్చింది వాగు ఒడ్డున. ఆ వాగులోనే ఆమె చెలమ ఉంది. తెలియనివాళ్లకు చెప్తున్నా, చెలమ అంటే వాగు ఎండిపోయాక ఇసుకలో తవ్వుకునే నీళ్ల గుంట. అవ్వకు ఏ మలుపులో తవ్వితే ఊట వస్తదో తెలుసు. ప్రతి ఎండాకాలం అక్కడే తవ్వేది. ఇప్పుడు పెంటకు ట్యాంకర్ వస్తది, వచ్చిన రోజు వస్తది రాని రోజు రాదు. కాబట్టి చెలమ అవసరం ఇంకా తీరలేదు.

ఏప్రిల్‌లో సలేశ్వరం జాతర అయిపోయిన వారానికి నేను ఇంటికి వచ్చిన. కాలేజీలో మా సార్ ఒక పని ఇచ్చిండు. సెలవుల్లో ఒక అడవి జంతువును స్వయంగా గమనించి రికార్డులో రాయాలి. పేజీ పైన ఒక పట్టిక ఉంటది. శాస్త్రీయ నామం, ఇంగ్లీషు పేరు, స్థానిక పేరు, స్థలం, సమయం, ఏం చేస్తుండగా చూశారు. మా క్లాసులో చాలామంది ఉడుత, కాకి, బల్లి రాసుకుంటరు. నేను కూడా కొండముచ్చు రాసేస్తే అయిపాయె అనుకున్నా. పెంట చుట్టూ అవే కదా.

మూడో రోజు పొద్దున పదకొండు దాటినాక బిందె తీసుకొని చెలమకు పోయిన. ఆ టైముకు ఎవ్వరూ పోరు. పొద్దున్నే ఎందుకు పోలేదంటే, పోతే నలుగురు ఆడోళ్లు ఉంటరు, అవ్వ గురించి మాట్లాడతరు, నాకు ఏడుపొస్తది. అందుకని ఎండలో పోయిన. ఆకులు రాలి అడవి మొత్తం కట్టెలాగ ఉంది. ఇసుక మీద అడుగు పెడితే చెప్పులో నుంచి కాలుతుంది. పిట్ట కూడా అరవట్లేదు.

మలుపు తిరగంగనే చెలమలో నుంచి ఇసుక ఎగిరి పడుతుంది. మొదలు కుక్క అనుకున్నా. తర్వాత ఎలుగుబంటి పిల్ల అనుకొని గుండె ఆగింది, ఎందుకంటే పిల్ల ఉన్నకాడ తల్లి ఉంటది. కానీ అది తల పైకెత్తింది. నడినెత్తి నుంచి తోక దాకా బూడిద తెలుపు, ముసలోళ్లు తెల్లటి గొంగడి కప్పుకున్నట్టు. కిందంతా నల్లగా, బొగ్గులాగ. చెవులు ఉన్నయా లేవా అన్నట్టు ఉన్నయి. కాళ్లు పొట్టి, ముందు కాళ్ల గోర్లు మాత్రం నా వేలంత పొడుగు. దాని మూతికి తడి ఇసుక అంటుకొని ఉంది.

నాకు దానికి మధ్య పది పన్నెండు అడుగులు. అది పారిపోలేదు. నన్ను చూసింది, గొంతులో నుంచి ఒక గరగర శబ్దం చేసింది, మళ్లీ తల దించి నీళ్లు తాగింది. నేనొక మనిషినన్న లెక్కే లేదు దానికి. గాలి నా దిక్కు తిరిగినప్పుడు ఒక వాసన వచ్చింది, చెప్పలేను, కడుపులో తిప్పింది. చేతులు వణుకుతున్నా ఫోన్ తీసి వీడియో పెట్టిన. నలభై సెకన్లు ఉంది ఆ వీడియో. సగం నా బిందె కనపడతది. కడుపునిండా తాగి, ఒడ్డెక్కి, దులుపుకొని, ఏ తొందరా లేకుండా నడుచుకుంట పోయింది. పోయిన దిక్కు చూసినాక నాకు అసలు భయం పట్టింది. అది అవ్వను పూడ్చిన దిక్కు.

దాన్ని నేను క్లాసులో బొమ్మలో చూసిన. హనీ బ్యాడ్జర్, ఇంకో పేరు రాటెల్. మెల్లివోరా కాపెన్సిస్. నీటికుక్క ఉంటది కదా, ఆ కుటుంబమే. ఆఫ్రికా నుంచి అరబ్బు దేశాల మీదుగా మన దేశం దాకా ఉంటది గానీ రాత్రి జంతువు కాబట్టి అడవిలో పుట్టి పెరిగినోళ్లకు కూడా తక్కువ కనపడతది. ఇరవై ఏండ్లలో నేను చూడడం అదే మొదలు.

సాయంత్రం ఇంటి ముందు అందరూ కూర్చున్నప్పుడు చెప్పిన. చెప్పకపోతే బాగుండు అని తర్వాత అనిపించింది. మా మామ, అంటే అవ్వ కొడుకు, వీడియో చూసి లేచి నిలబడ్డడు.

"ఇది పీనుగులను తవ్వేది. దీన్ని నువ్వు పగలు జూసినవా? అటు పోయిందా?"

అమ్మ కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చుడు మొదలుపెట్టింది. పక్కింటి తాత, తన చిన్నప్పుడు ఒక పసిగుడ్డును పూడ్చినకాడ ఇది తవ్విందని చెప్పిండు. రాత్రి జంతువు పగలు వచ్చిందంటే దానికి మనిషి వాసన తగిలినట్టే అని ఇంకొకరు అన్నరు. మామ ఉచ్చు పెడతా అన్నడు, ఈ రాత్రికే.

అప్పుడు నేను నోరు తెరిచిన. అది హనీ బ్యాడ్జర్ అని, ఎలుకలు, పాములు, తేళ్లు, పురుగులు తవ్వుకొని తింటదని, తేనెపట్టులో పిల్ల పురుగులంటే ఇష్టమని చెప్పిన. మామ నవ్విండు. "తేనె తింటదని నాకు జెప్తున్నవా?" అన్నడు. నిజమే, ఆయన పుట్టినప్పటి నుంచి తేనె తీస్తుండు. తొర్రలో తేనె చినిగి ఉంటే ఎలుగు చింపిందా ఇది చింపిందా అని గోటి గీత చూసి చెప్తడు. అక్కడితో ఊరుకోవాల్సింది. నేను ఊరుకోలేదు. "మామా, అది 1972 చట్టంలో షెడ్యూల్ ఒకటిలో ఉంది. ఉచ్చు పెట్టి చంపితే జైలు పడతది" అన్న.

ఒక్కసారి అందరూ సప్పుడు ఆపేసిండ్రు.

చదివేవాళ్లకు ఇక్కడ ఒకటి చెప్పాలి. మా దగ్గర కొన్నేండ్లుగా పెంటలు ఖాళీ చేసే ప్యాకేజీ మాట నడుస్తుంది. కుటుంబానికి 15 లక్షలు, లేకపోతే బయట భూమి, ఇల్లు. పోదామనేవాళ్లు ఉన్నరు, చచ్చినా పోమనేవాళ్లు ఉన్నరు. మామ పోనన్న వాళ్లలో మొదటోడు. కారణం అడిగితే ఆయన వాగు ఒడ్డు దిక్కు చెయ్యి చూపిస్తడు, తాత కూడా అక్కడే ఉన్నడు కదా. అసొంటి మనిషి ముందట, తల్లిని పూడ్చి నెల తిరిగీ తిరగకముందే, నేను చట్టం, జైలు అన్న.

"నువ్వు మా దిక్కా, వాళ్ల దిక్కా?" అని అడిగిండు మామ. అరవలేదు. నిమ్మళంగా అడిగిండు. అదే ఎక్కువ తగిలింది.

నాయిన దిక్కు చూసిన. ఆయన ఏమీ మాట్లాడలేదు. మీలో చెంచోళ్లకు అర్థమైతది. కొండ మీద నుంచి తేనెకు తాడు మీద దిగేటప్పుడు పైన తాడు పట్టేది బావమరిదే. అక్కనో చెల్లెనో ముండమోపిని చేసుకోడు కాబట్టి తాడు వదలడని ఆ నమ్మకం. నాయిన పెండ్లయినప్పటి నుంచి మామ పట్టిన తాడు మీదనే దిగుతుండు. అట్ల తాడు పట్టే మనిషికి పదిమందిలో ఎదురు మాట్లాడడు. నాకప్పుడు కోపం వచ్చింది గానీ ఇప్పుడు లేదు.

ఆ రాత్రి ఉచ్చు పెట్టలేదు. చీకట్లో ఎలుగులు చెలమకు వస్తయి, పోవద్దని అమ్మ మామ కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. నేను అన్నం తినలేదు. పడుకొని ఒకటే ఆలోచన. నిజంగానే తవ్వితే? నేను ముఖం చూడకపోతిని, ఇప్పుడు అట్ల చూడాల్సి వస్తే?

తెల్లారకముందే నాయిన లేపిండు. "దా" అన్నడు, అంతే. ఇద్దరం వాగు కాడికి పోయినం. వెలుగు వస్తుంటే నాయిన ముందు వంగి నడుస్తుండు, నేను ఆయన వెనుక. నేను రెండేండ్లలో క్లాసులో నేర్చుకున్న దానికంటే ఆ గంటలో ఎక్కువ చూసిన. ముందు కాలి గోర్ల గుర్తులు పాదం గుర్తు కంటే చాలా ముందుకు, వేరే చుక్కల్లాగ పడతయి, కుక్కకు అట్ల పడవు. తవ్విన గుంతలు గరాటు లాగ ఉన్నయి. పుట్ట మొదట్లో రెండు, ఎండిన మద్ది చెట్టు వేరు కింద ఒకటి, అక్కడ రాయి తిరగేసి ఉంది. నాయిన ఆ రాయి కింద వేలు పెట్టి తేలు తోక ముక్క తీసి చూపెట్టిండు.

అవ్వ కాడికి వచ్చినం. మట్టి దిబ్బ అట్లనే ఉంది. పైన పెట్టిన కట్టెలు కదల్లేదు. కానీ దానికి రెండు బారల దూరంలో ఒక గుంత ఉంది, కొత్తది. నా కాళ్లు అక్కడే ఆగిపోయినయి. నాయిన మోకాళ్ల మీద కూర్చొని, గుంతలో చెయ్యి మోచేతి దాకా పెట్టి, ఎలుక బొక్కలోని గడ్డిపరకలు బయటికి తీసిండు. ఎలుక గూడు అది. దాని కోసమే తవ్వింది.

"అవ్వ జోలికి రాలే" అన్నడు.

"మరి పగలెందుకొచ్చింది నాయినా?"

ఆయన కాసేపు ఆలోచించిండు. జాతర రోజుల్లో రాత్రంతా బండ్లు, లైట్లు, డప్పులు, జనం. రాత్రి తిరిగేవన్నీ చెదిరిపోయినయి. తర్వాత రాత్రి నీళ్ల కాడ ఎలుగులు, చిరుతలు కాపు కాస్తున్నయి. ఫారెస్టోళ్లు కట్టిన సాసర్ పిట్ ఒకటి ఉంది గానీ దాంట్లో నీళ్లు అడుగంటినయి. ఇంక మిగిలింది మిట్టమధ్యాహ్నం. ఆ ఎండకు ఏదీ రాదు, మనిషి కూడా రాడు. "నీలెక్కనే అదిగూడ ఎవ్వరు లేని టైము జూసుకొని వచ్చింది" అన్నడు. నేను పొద్దున్నే ఎందుకు పోవట్లేదో ఆయనకు తెలుసన్న మాట.

ఇక్కడ నేను ఒక నిజం ఒప్పుకోవాలి. మామ చెప్పింది ఉత్తమాట కాదు. పాత ఇంగ్లీషు జంతుశాస్త్ర పుస్తకాల్లో కూడా దీన్ని సమాధులు తవ్వే జంతువనే రాశారని మా సార్ ఒకసారి చెప్పిండు. లోతు తక్కువ గుంత అయితే, దానికి ఆకలి ఎక్కువైతే తవ్వదని నేను ప్రమాణం చేయలేను. నాయినకు అదే చెప్పిన. చదువుకున్న దాన్ని కదా, మొత్తం మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే నాకు సులువే. కానీ పోయి పడుకునేది నేను హాస్టల్‌లో. ఇక్కడ ఉండి రోజూ అటు చూసేది మామ.

అందుకని రాళ్లు మోసినం. వాగులోని బండ రాళ్లు, ఒక్కొక్కటి ఇద్దరు పడితే గానీ లేవనివి. రెండో రాయికే నాకు చేతులు గీరుకుపోయినయి. పొద్దెక్కినాక మామ వచ్చిండు. చేతిలో ఉచ్చు తీగ ఉంది. మమ్మల్ని చూసి, గుంత చూసి, గడ్డిపరకలు చూసి, నాయిన దిక్కు చూసిండు. నాయిన తల ఊపిండు. మామ తీగ చెట్టు కొమ్మకు తగిలించి రాయికి చెయ్యేసిండు. మధ్యాహ్నం దాకా ముగ్గురం మోసినం. దిబ్బ మొత్తం కప్పి, చుట్టూ రేగు కంప వేసినం. నాతోని మామ ఒక్క మాట మాట్లాడలేదు, కానీ పెద్ద రాయి వచ్చినప్పుడు బరువు దిక్కు తను పట్టుకున్నడు.

పని అయినాక ఇసుకలో కూర్చొని మామనే అన్నడు, దానికి నీళ్లు కావాలె గదా, కింద ఇంకో చెలమ తవ్వుదాం, అక్కడ తాగనీ, అమ్మ దిక్కు రావద్దు అని. నేను గమ్మున గడ్డపార అందిచ్చిన. వంద అడుగులు కిందకు, వాగు వంగినకాడ తవ్వినం. ఊట వచ్చేసరికి నడుము పడిపోయింది. దాంట్లో నీళ్లు తేటగా, పైదాని కంటే మంచిగ వచ్చినయి.

మరునాడు ముగ్గురం చెట్టు చాటున కూర్చున్నం. అదే టైముకు, అదే గొంగడి వేసుకొని వచ్చింది. కొత్త చెలమ పక్క నుంచే నడిచింది. ఆగి వాసన చూసింది. మూతి కూడా పెట్టలేదు. నేరుగా పైకి పోయి అవ్వ చెలమలోనే దిగి తాగింది. మామ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్విండు. "మా అమ్మ నీళ్లే గావాలె దీనికి" అన్నడు. అవ్వ పోయినాక ఆయన నవ్వడం అదే మొదటిసారి అని అమ్మ తర్వాత చెప్పింది.

హాస్టల్‌కు వచ్చినాక నెట్‌లో, లైబ్రరీలో దీని గురించి చదివిన. కలహారి ఎడారిలో దీన్ని ఏండ్ల తరబడి వెంబడించి చూసినవాళ్లు, ఇది చలికాలంలో పగలు, ఎండాకాలంలో రాత్రి తిరుగుతదని రాశారు. అంటే మండే ఎండలో పగలు రావడం దానికి కూడా అలవాటు లేని పని, తప్పనిసరై వచ్చిందన్న నాయిన మాటకు ఇది సరిపోతది. ఇంగ్లండ్‌లో ఉండే బ్యాడ్జర్ వేరే జంతువు, కుటుంబం మాత్రం ఇదే. అదీ రాత్రి జంతువే. దాని ముఖ్య తిండి వానపాములు. ఎండలు ముదిరి నేల గట్టిపడితే వానపాములు లోతుకు పోతయి, అప్పుడు అది కూడా ఆకలికి, దాహానికి పట్టపగలే బయటపడతది. అక్కడోళ్లు పెరట్లో పళ్లెంలో నీళ్లు పెడతరట. నాయిన బండ ఎక్కి ఫోన్ చేసినప్పుడు ఇది చెప్పిన. "ఇంగ్లండ్ల గూడ ఎండుతదా?" అని అడిగిండు. నమ్మలేదనుకుంటా.

వీడియో గురించి. హాస్టల్‌లో నా రూమ్మేట్లు చూసి రీల్ పెట్టు, లక్షల్లో వ్యూస్ వస్తయి అన్నరు. స్టేటస్ కూడా పెట్టలేదు. పెడితే ఎక్కడ, ఎక్కడ అని అడుగుతరు. జాతరకు వచ్చినోళ్లు వదిలిపెట్టిన ప్లాస్టిక్ సీసాలే ఇంకా వాగులో ఉన్నయి. ఈ పోస్టు కింద కూడా దయచేసి పెంట పేరు అడగొద్దు. తెలిసినవాళ్లు రాయొద్దు.

ఇంక రికార్డు. అన్ని గడులు నింపిన. సమయం దగ్గర పగలు 11:30 అని రాస్తే సార్ ఎర్ర పెన్నుతో ప్రశ్న గుర్తు పెట్టిండు. వీడియో చూపెడితే కొట్టేసిండు. ఒక్క గడి మాత్రం ఖాళీ ఉంది, స్థానిక పేరు. మామను అడిగితే "తవ్వేది" అన్నడు. తాతను అడిగితే దాని పేరు ఎత్తొద్దు అన్నడు. నాయినకు తెల్వదు. అమ్మ చెప్పింది, అవ్వకు ఒక పేరు తెలుసట, చిన్నప్పుడు విన్నదట, గుర్తు లేదట. నేను ఎన్నో రాత్రులు అవ్వ పక్కన పడుకొని కథలు విన్న, ఇది ఒక్కటి అడగలేదు.

ఈ గ్రూపులో కోయ, గోండు, కొండరెడ్డి, కొలాం, లంబాడా, సవర అందరూ ఉన్నరు. అవతల ఒడ్డున శ్రీశైలం దిక్కు మన చెంచోళ్లు కూడా ఉన్నరు. నడినెత్తి నుంచి తోక దాకా తెల్లగా, కింద నల్లగా, పొడుగు గోర్లు, చెడ్డ వాసన. మీ ఇంట్లో ముసలోళ్లను అడగండి. మీ దగ్గర దీన్ని ఏమంటరో రాయండి, ఎవరు చెప్పిండ్రో కూడా రాయండి. రికార్డు ఇవ్వడానికి నాకు ఇంకా పన్నెండు రోజులు టైముంది.